చిలికాలో మిత్రులతో పగలంతా పడవ మీద గడపడం ఎలా?

చలికాలం మొదలయిందంటే చాలు, ఒడిశా తీరంలోని చిలికా సరస్సు గురించి అటు బరంపురం, ఛత్రపురం నుంచీ ఇటు ఇచ్ఛాపురం, సోంపేట నుంచీ ఒకటే ప్రశ్న. "ఎనిమిది పదిమందిమి కలిసి చిలికాలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడవ మీదే ఉండాలనుకుంటున్నాం, ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి?" దాని వెనకే మరికొన్ని: పడవలో వండుకోవచ్చా, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి సంగతేమిటి, రాత్రి పడవలోనే పడుకోవచ్చా. ఎవరికి వారికి విడిగా చెప్పడం కంటే అన్నీ ఒకచోట రాయడం నయం.

ఆఖరి ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను. రాత్రి పడవలో పడుకోకండి. ఇక్కడ అద్దెకు దొరికేవి ఎక్కువగా డీజిల్ ఇంజను బిగించిన చెక్క పడవలు. కూర్చోవడానికి బల్లలు, పైన ఒక కప్పు, అంతే. చీకటి పడితే వలల కోసం పాతిన వెదురు గెడలు కనబడవు. రాత్రికి సరస్సు ఒడ్డునున్న రంభలోనో బర్కుల్‌లోనో బస చేసి, తెల్లవారి మళ్ళీ పడవెక్కితే రెండు రోజులూ హాయిగా గడుస్తాయి.

ఇంకో మాట. పడవ కుదుర్చుకోవడం ఇందులో చాలా తేలికైన పని. ఆ తర్వాత ఆరేడు గంటలు నీడ, నీళ్ళు, తిండి, మరుగు, ఈ నాలుగూ చూసుకోవడమే అసలు పని. పాతికేళ్ళ స్నేహితులు కూడా పోట్లాడుకునేది వీటి దగ్గరే. అందుకని ముందు ఎన్ని గంటలకు ఒడ్డుకు చేరాలో తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి.

ఎక్కడ ఎక్కాలి?

రంభ: గంజాం జిల్లాలోనే ఉంది. జాతీయ రహదారి మీద బరంపురం నుంచి గంట, గంటంబావు ప్రయాణం. ఇక్కడ సరస్సు కొండల మధ్యకు చొచ్చుకు వచ్చిన అఖాతంలా ఉంటుంది కాబట్టి గాలి తాకిడి తక్కువ. పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న బృందానికి నా ఓటు దీనికే. ఖల్లికోట రాజు కట్టించిన గది శిథిలంగా మిగిలిన బ్రేక్‌ఫాస్ట్ దీవి, ఈస్టిండియా కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ ఒక బండ మీద కట్టించిన స్తంభం, ఇవన్నీ దగ్గర దగ్గరలోనే చూడవచ్చు.

బర్కుల్: బాలుగావ్ రైల్వే స్టేషనుకు దగ్గర. కాళీజాయి అమ్మవారి దీవికి, నలబణ పక్షుల అభయారణ్యం వైపు వెళ్ళడానికి ఇక్కడ ఎక్కాలి. ఇది విశాలమైన నీరు. గాలి లేస్తే పడవ బాగా ఊగుతుంది.

సాతపడా: పూరీ జిల్లాలో, సరస్సుకు అటు కొసన ఉంది. ఇరావదీ డాల్ఫిన్లను చూడాలంటే అక్కడికే వెళ్ళాలి. రంభలో పడవెక్కి "డాల్ఫిన్లు ఎక్కడ?" అని సరంగును, అంటే పడవ నడిపేవాడిని, నిలదీసేవాళ్ళు ప్రతి ఏడూ కనబడతారు.

మంగళాజోడి: ఖుర్దా జిల్లాలో, ఉత్తరపు అంచున ఉన్న చిత్తడి నేల. ఇక్కడ ఇంజను చప్పుడు ఉండదు, గెడ వేసి నడిపే చిన్న పడవలు. ఒకప్పుడు పక్షులను వేటాడినవారే ఇప్పుడు వాటికి కాపలా కాస్తూ సందర్శకులకు చూపిస్తున్నారు. పక్షుల కోసమే వచ్చేవాళ్ళకు దీనికి మించినది లేదు కానీ, కబుర్లు చెప్పుకుంటూ పగలంతా గడపడానికి ఇది చోటు కాదు.

కావలసినవి (ఎనిమిది మందికి)

- ఇరవై లీటర్ల తాగునీటి క్యాను ఒకటి, మనిషికో లీటరు సీసా. చేతులు కడుక్కోవడానికి మరో క్యాను.
- మూత గట్టిగా పట్టే స్టీలు క్యారియర్లు, స్టీలు పళ్ళాలు, గ్లాసులు.
- పాత దుప్పట్లు రెండు, పాత చీరలు రెండు, పది గజాల నైలాన్ తాడు, బట్టల క్లిప్పులు.
- మూత ఉన్న బకెట్టు, మగ్గు, సబ్బు, చెత్తకు రెండు పెద్ద సంచులు.
- టోపీ, తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా. డిసెంబరు, జనవరి అయితే పొద్దుటి చలికి శాలువా కూడా.
- ఫోన్లకు నీరు చొరని సంచులు, పవర్ బ్యాంకు, టార్చిలైటు.
- దెబ్బలకు మందు, దూది, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఎవరి మాత్రలు వారివి.
- బైనాక్యులర్లు ఒక జత చాలు. వంతుల వారీగా చూసుకోవచ్చు.

వంట పొయ్యి, గాజు సీసాలు, పెద్ద స్పీకరు ఈ జాబితాలో లేవు. మరిచిపోయి వదిలేసినవి కావు.

చేయవలసిన పని, వరసగా

1. నెల, గాలి చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వలస పక్షులు ఉంటాయి, పొద్దున నీరు నిలకడగా ఉంటుంది. మార్చి వచ్చేసరికి దక్షిణపు గాలి బలపడుతుంది. అప్పుడు తెల్లవారి బయలుదేరి పదకొండింటికల్లా ఒడ్డుకు రావాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉరుములతో విరుచుకుపడే కాలబైశాఖి గాలివానలు ఉంటాయి. అక్టోబరు సంగతి మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటింది ఆ నెలలోనే. బయలుదేరే ముందు రోజు వాతావరణ కేంద్రం హెచ్చరికలు చూడండి. పిడుగుల సమాచారానికి 'దామిని' యాప్ ఫోనులో పెట్టుకోండి.

మకర సంక్రాంతి నాడు కాళీజాయి దీవిలో పెద్ద జాతర జరుగుతుంది. భక్తితో వెళ్ళేవారికి అదే మంచి రోజు. ప్రశాంతంగా గడపాలనుకుంటే ఆ చుట్టుపక్కల రోజులు వదిలేయండి.

2. తలల లెక్క తేల్చండి. పడవ మీద రాసి ఉన్న సంఖ్యకు ఇద్దరు తక్కువే ఎక్కండి. మీ సామాను కూడా బరువే. రెండు నీళ్ళ క్యానులే నలభై కిలోలు. పన్నెండు మందికి పైబడితే రెండు పడవలు మాట్లాడుకుని పక్కపక్కనే నడిపించుకోండి. ఒకదాని ఇంజను మొరాయిస్తే రెండోది తాడు కట్టి లాగుతుంది.

3. సరంగుతో ముందు రోజే మాట్లాడండి. "భాయినా" (అన్నా) అని మర్యాదగా పలకరించి, ఒడియాలోనే అడగండి. రంభ వైపు చాలామందికి తెలుగు కూడా అర్థమవుతుంది. ఈ విషయాలు తేల్చుకోవాలి: కిరాయి గంటకా, మొత్తం రోజుకా? డీజిల్ అందులో కలిసి ఉందా? దీవుల దగ్గర ఆగిన సమయానికీ డబ్బు కట్టాలా? మధ్యాహ్నం ఒడ్డుకు వచ్చి మళ్ళీ బయలుదేరితే ఎలా? మనిషికొక లైఫ్ జాకెట్ ఉందా, పిల్లల సైజువి ఉన్నాయా? సాయం చేసే కుర్రవాడు వెంట వస్తాడా?

కౌంటరు ఉన్నచోట రసీదు తీసుకోండి. ఒడ్డున పట్టుకుని "సగం ధరకే తిప్పుతాను" అనేవాడి పడవలో జాకెట్లు ఉన్నాయేమో ముందు చూడండి. సాధారణంగా ఆ సగం అక్కడే తగ్గుతుంది.

4. రోజును రెండు ముక్కలు చేయండి. నన్నడిగితే మొత్తం ఏర్పాటుకు ఇదే కీలకం. పొద్దున ఆరున్నరకు బయలుదేరి దూరపు చోట్లు చూసి పదకొండున్నరకు ఒడ్డుకు రావడం, భోజనం, మరుగుదొడ్డి, కాస్త నడుం వాల్చడం అయ్యాక రెండున్నరకు మళ్ళీ ఎక్కి దగ్గరి దీవుల చుట్టూ తిరగడం. ఎండ నడినెత్తిన ఉన్న మూడు గంటలూ ఒడ్డున గడుస్తాయి. "పగలంతా నీటి మీదే" అనే పట్టుదల ఉన్నవారు ఒక్కసారి అలా చేసి చూడండి, రెండోసారి మీరే రెండు ముక్కలు చేస్తారు.

తిరిగి చేరే సమయం చీకటితో లెక్కించండి. డిసెంబరులో ఇక్కడ అయిదుంబావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. హైదరాబాదు నుంచి వచ్చినవారు ఇంకో అరగంట వెలుగు ఉంటుందనుకుని తప్పు లెక్క వేస్తారు. అయిదింటికి పడవ ఒడ్డుకు తగలాలి.

5. ఎక్కే ముందు అందరినీ మరుగుదొడ్డికి పంపండి. "ఇప్పుడు అవసరం లేదు" అన్నవారిని కూడా. టిఫిను తేలికగా ఉండాలి. ఇడ్లీ సరే, నూనె ఓడే పూరీలు వద్దు. వాంతుల భయం ఉన్నవారు డాక్టరు చెప్పిన మాత్ర ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు.

6. బరువు సర్ది కూర్చోండి. ఒక్కొక్కరుగా, పడవ నడిమధ్య కాలు వేసి ఎక్కండి. నీళ్ళ క్యానులు అడుగున, మధ్యలో ఉండాలి. లావుపాటి బావగార్లిద్దరూ ఒకే పక్క కూర్చోకూడదు. నవ్వులాటకు అంటున్న మాట కాదిది, పడవ ఒరిగే ఉంటే చుక్కాని పట్టినవాడికి రోజంతా యాతన. జాకెట్ తొడుక్కుని బిగించుకోండి, తలకింద దిండుగా పెట్టుకోకండి. ఫోటోకోసం అందరూ ఒకేసారి ఒక పక్కకు లేవడం అన్నిటికంటే ప్రమాదం. ఫోటో తీసేవాడే కదలాలి, మిగతావారు కూర్చునే ఉండాలి.

కడుపులో తిప్పడానికి ఇక్కడ అలల కంటే డీజిల్ పొగే ఎక్కువ కారణం. అలాంటివారిని ఇంజనుకు దూరంగా, గాలి వచ్చే వైపు కూర్చోబెట్టి, దూరపు కొండల మీద చూపు నిలపమనండి. ఫోను చూడనివ్వకండి.

7. నీడ కట్టుకోండి. కప్పు ఉన్నా ఎండ పక్కల నుంచి వస్తుంది. నీటి మీద తళుకు కింది నుంచి కొడుతుంది. పాత దుప్పటిని ఎండ వైపు తాడుకు క్లిప్పులతో బిగించండి. పడవ మలుపు తిరిగినప్పుడల్లా దుప్పటి కూడా రెండో పక్కకు మార్చుకోవాలి. గాలి ఎక్కువయితే వెంటనే విప్పేయండి, లేకపోతే అది తెరచాపలా పడవను పక్కకు తోస్తుంది. సరంగు విప్పమంటే వాదించకండి.

8. మరుగు ఏర్పాటు. అందరూ అడగడానికి మొహమాటపడేది, అందరికీ అవసరమయ్యేది ఇదే. దీవుల్లో మరుగుదొడ్లు ఉంటాయని లెక్క వేసుకోకండి. రెండు ముక్కల రోజు అయితే ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది. అయినా ముందుజాగ్రత్తగా, పడవ వెనుక భాగంలో కప్పు గుంజలకు తాడు కట్టి రెండు చీరలు మడతగా వేలాడదీస్తే తెర తయారు. లోపల మూత ఉన్న బకెట్టు, మగ్గుతో నీళ్ళు. ఆ సమయంలో సరంగును ముందు వైపుకు పిలిచి ఇంజను ఆపమనండి. వారికిది కొత్త కాదు. బకెట్టు ఒడ్డుకు తెచ్చి మరుగుదొడ్డిలోనే పారబోయాలి.

బట్టలు మార్చుకునేందుకు దొరికే మడత గుడారం ఉంటే ఇంకా మంచిది, దీవిలో దిగినప్పుడు నిలబెట్టుకోవచ్చు.

బృందంలోని ఆడవాళ్ళు ఈ ఇబ్బంది తలచుకుని పొద్దున్నుంచి నీళ్ళు మానేస్తారు. మధ్యాహ్నానికి తలనొప్పి, సాయంత్రానికి నీరసం. అలా మానకుండా చూడటం ఏర్పాట్లు చూసేవారి బాధ్యత. తెర ఎక్కడో, ఎలాగో ఎక్కగానే అందరికీ చెప్పేస్తే ఎవరూ మంచినీళ్ళు మానరు.

9. తిండి. పడవలో వంట వద్దు. చెక్క బల్లలు, డీజిల్ డబ్బా, ఊగే గిన్నె, మూడూ ఒకచోట పనికిరావు. దీవుల్లో ఎండుగడ్డి ఉంటుంది, అక్కడా పొయ్యి పెట్టకండి. సరంగు తన కోసం టీ కాచుకుంటే అది అతని పడవ, అతని అలవాటు.

పొద్దుటి విడతకు: పులిహోర, ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు, వేయించిన అటుకులు, మరమరాలు. ఎండాకాలమయితే చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పక్కన బరంపురం వడియాలు. ఒడియా మిత్రులు దాన్నే పఖాళ అని మరో గిన్నె అడుగుతారు. దద్దోజనం తెస్తే పదింటిలోపు తినేయండి. బిర్యానీ పొట్లాలు తేవద్దని నా గట్టి సలహా. దాహం పెంచుతుంది, చేతులకు జిడ్డు, ఎముకలు ఎక్కడ వేయాలో తెలియదు, తిన్నాక సగంమంది నిద్రపోతారు.

చిలికా రొయ్యలు, పీతలు తినకుండా వెళ్ళడం కుదరదంటారా? బాలుగావ్‌లో చేపల బజారు ఉంది. పొద్దున కొని, ఒడ్డున వండిపెట్టే హోటలులో ఇచ్చి, పదకొండున్నరకు వస్తామని చెప్పి పడవెక్కండి. పీతలు ప్రాణంతో ఉన్నాయో లేదో చూసి కొనాలి, కాళ్ళు కదలకపోతే వద్దు. ఖైంగా చేపకయితే కన్ను మెరుస్తూ, మొప్ప ఎర్రగా ఉండాలి. కొన్న సరుకు తూకం వేయించి, హోటలువారికి ముక్కల లెక్క చెప్పి ఇవ్వండి.

మిగిలిన తిండి నీటిలో పారేయకండి. పక్షులకు వేయడం కూడా వద్దు.

10. దారిలో. వెదురు గెడలు వరసగా కనబడితే అవి జాలర్ల వలలు, వాటి మీదే వారి బతుకు. వాటిని చుట్టి వెళ్ళమనండి, అడ్డదారి అడగకండి. నీటి కింద తిరిగే ఇంజను పంకాకు నాచు గానీ వల దారం గానీ చుట్టుకుంటే ఇంజను గొంతు మారుతుంది. సరంగు ఆపి, నీటిలో చేయి పెట్టి తీసేదాకా ఎవరూ లేవకండి.

పక్షుల గుంపు వైపు "ఇంకొంచెం దగ్గరికి" అని తొందరపెట్టకండి. ఇంజను ఆపి అలాగే ఉంటే అవే సర్దుకుంటాయి. సాతపడాలో డాల్ఫిన్ల విషయంలోనూ అంతే. వెంటపడితే మునిగిపోతాయి, పంకా తగిలి గాయపడతాయి కూడా.

నీరు చాలాచోట్ల నడుంలోతే కదా అని దూకేవాళ్ళుంటారు. అడుగున బురద కాళ్ళను పట్టేస్తుంది, విరిగిన గెడలు, ఆల్చిప్పలు, ముళ్ళ చేపలు ఉంటాయి. దూకకండి. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లున్న సరస్సు వానాకాలంలో 1,165 దాకా విస్తరిస్తుంది. అంటే ఒక కాలంలో పడవ నడిచిన చోట మరో కాలంలో అడుగు తగులుతుంది. దారి సరంగుకే వదిలేయండి. మద్యం తాగినవారిని పడవ ఎక్కించుకోకండి. తాగి ఉన్నవాడు సరంగే అయితే పడవ మార్చండి.

కాళీజాయి దీవి దాటేటప్పుడు సరంగు దండం పెడతాడు. పెళ్ళికూతురిగా పడవలో వెళుతూ గాలివానకు మునిగిపోయిన జాయి అనే అమ్మాయే ఇక్కడి దేవత అయిందని వారి కథ. ఆ కాసేపు పాటలు ఆపండి.

సరిగ్గా జరుగుతోందా లేదా, ఎలా తెలుస్తుంది?

నీళ్ళు: పదింటికి క్యాను ఎత్తి చూడండి. మూడోవంతు కూడా తగ్గకపోతే జనం తాగడం లేదని అర్థం. గ్లాసులు నింపి చేతికివ్వండి. మూత్రం ముదురు పసుపుగా వస్తోందంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. సరస్సు నీరు పుక్కిలించడానికి కూడా వాడకండి. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వాక ఉప్పునీరు బాగా లోపలికి వస్తోంది.

గాలి: ఒడ్డున జెండాలు, కొబ్బరాకులు ఎటు కొట్టుకుంటున్నాయో బయలుదేరేటప్పుడు చూసుకోండి. అలల తలల మీద తెల్లని నురుగు అక్కడక్కడా కనబడటం మొదలయితే తిరుగుముఖం పట్టాలి. అన్నివైపులా కనబడేదాకా ఆగితే ఆలస్యమే. సరంగు మాటలు తగ్గించి ఒకే దిక్కు చూస్తున్నాడంటే అడగండి, "వెళ్ళిపోదామా?" అని. మీరు అడగందే చెప్పడానికి కొందరు సంకోచిస్తారు, కిరాయి తగ్గిస్తారేమోనని. పూర్తి కిరాయి ఇస్తామని ముందే మాట ఇస్తే అతను నిజం చెబుతాడు.

పడవ: అడుగున బల్లల మధ్య నీరు కొద్దిగా ఊరడం మామూలే. కుర్రవాడు డబ్బాతో తోడుతుంటాడు. గంటలో రెండుసార్ల కంటే ఎక్కువ తోడుతున్నాడంటే దగ్గరి ఒడ్డుకు పట్టమనండి.

ఫోను: సరస్సు నడుమ సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి, సరంగు ఫోను నంబరు కూడా వారికిచ్చి వెళ్ళండి.

తరచూ జరిగే పొరపాట్లు

డబ్బు లెక్క చివరికి వదిలేయడం. ముందు రోజే తలా ఇంత వేసుకుని ఒక్కరి చేతికివ్వండి. ఆ ఒక్కరు ఫోటోలు తీసేవారు కాకూడదు.

ఒక్క రోజులో రంభ, కాళీజాయి, నలబణ, సాతపడా నాలుగూ చూడాలనుకోవడం. నెమ్మది పడవలో బర్కుల్ నుంచి కాళీజాయి వెళ్ళి రావడానికే రెండు గంటలు, నలబణకు నాలుగు గంటలు పడతాయి. ఏదో ఒకటి ఎంచుకోండి.

వానాకాలంలో నలబణ చూడాలని పట్టుబట్టడం. అప్పుడా దీవి నీట మునిగి ఉంటుంది.

పొద్దున్నే స్పీకరు పెట్టడం. ఇంజను చప్పుడు మీద పాట వినబడాలంటే ఇంకా పెద్దగా పెట్టాలి, ఆ పైన మాట వినబడాలంటే అరవాలి. పేకముక్కలు నయం. అవీ గాలికి ఎగరకుండా పళ్ళెంలో వేసి ఆడండి.

ఒడ్డుకు చేరాక

ముందు పిల్లలు, పెద్దవాళ్ళు దిగాలి, తర్వాత సామాను. బల్లల కింద టార్చి వేసి చూడండి. కళ్ళజోళ్ళు, చెప్పులు, మందుల డబ్బాలు అక్కడే దొరుకుతాయి. చెత్త సంచులు మీరే మోసుకెళ్ళి ఒడ్డున చెత్తకుండీలో వేయండి. కుర్రవాడికి ఇవ్వదలచుకున్నది అతని చేతికే ఇవ్వండి, సరంగు ద్వారా కాదు. బైనాక్యులర్లు, కెమెరా, జిప్పులున్న సంచులు ఆ రాత్రే మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. ఉప్పు ఆరనిస్తే జిప్పు మర్నాటికే బిగుసుకుంటుంది.